ఆస్పత్రి నిర్లక్ష్యం మీద కేసు: విశాఖలో లాయర్ని ఎలా చూసుకోవాలి

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. అమ్మగారికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని నగరంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో లాప్రోస్కోపీ ఆపరేషన్ చేశారు. మూడో రోజు ఇంటికి పంపారు. కడుపునొప్పి, జ్వరం అని రెండుసార్లు తీసుకెళ్తే గ్యాస్ అన్నారు, మందులు రాసి పంపేశారు. పదో రోజుకి కళ్లు పచ్చబడ్డాయి. ఇంకో ఆస్పత్రిలో ఎంఆర్‌సీపీ (పైత్యరస నాళాల్ని చూపే ఎంఆర్‌ఐ స్కాన్) తీస్తే పైత్యరసం వెళ్లే ప్రధాన నాళం తెగిందని తేలింది, మళ్లీ పెద్ద ఆపరేషన్ పడింది. మొదటి ఆపరేషన్ జరిగి పద్నాలుగు నెలలైంది. ఒక లాయరు వచ్చే డబ్బులో పావు వంతు అడుగుతున్నారు. ఇంకొకరు ముందు పోలీసు కేసు పెడదామంటున్నారు. ఇద్దరిలో ఎవరిని పెట్టుకోమంటారు అని అడిగారు.

ఆ షరతుల మీదైతే ఇద్దరూ వద్దు.

వాటా సంగతి ముందు చూద్దాం. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన డబ్బులో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం నిషిద్ధం. అమెరికాలో ఉన్న మన బంధువులు ‘ఇక్కడ గెలిస్తేనే ఫీజు’ అని చెప్తుంటారు. అది అక్కడి పద్ధతి. ఇక్కడ అలాంటి ఒప్పందం చెల్లదు. 2017లో బి. సునీత కేసులో, అదీ తెలంగాణ నుంచి వెళ్లిన మోటారు ప్రమాదం పరిహారం వ్యవహారమే, శాతం లెక్కన అడిగిన ఫీజు చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పి, లాయరు ఆ మహిళ మీద వేసిన చెక్కు కేసును కొట్టేసింది. నియమం అటుంచినా మీకు నష్టమే. వాటా లాయరుకి తొందరగా రాజీ కుదిరితే లాభం. నిపుణుడి అభిప్రాయం తెప్పించడం, అవతలి డాక్టరుకి వేసే రాతపూర్వక ప్రశ్నావళి తయారుచేయడం లాంటి ఖర్చుతో, శ్రమతో కూడిన పనులు ఆయన లెక్కలో దండగే.

పోలీసు కేసు ముందు అన్న సలహా ఇంకా ప్రమాదం. డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదు, తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలి. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఇది స్పష్టం చేసింది. పోలీసులు ముందుకెళ్లే ముందు అదే విభాగంలో అర్హత ఉన్న డాక్టరు అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టరుది, తీసుకోవాలని కూడా చెప్పింది. అంటే మీ ఫిర్యాదు ఒక వైద్యుల కమిటీ దగ్గరికి వెళ్తుంది. మీ తరఫున సరైన ప్రశ్నలు వేసేవాళ్లు అక్కడ ఉండరు. ‘తీవ్ర నిర్లక్ష్యం లేదు’ అని ఒక పేజీ కాగితం వస్తే, ఆస్పత్రి లాయరు దాన్నే తీసుకొచ్చి వినియోగదారుల కమిషన్‌లో మీ ముందు పెడతాడు. పరిహారానికి కావలసిన నిరూపణ అంతకంటే తక్కువ స్థాయిదని మీరు చెప్పుకోవచ్చు గానీ, ఆ కాగితం ప్రభావం మాత్రం పోదు. మనిషి చనిపోయి, మరణ కారణం మీద అనుమానం ఉన్నప్పుడు పోలీసుల దగ్గరికి వెళ్లడం వేరు. అప్పుడు పోస్టుమార్టం కోసం వెళ్లాలి, అదీ ఆ రోజే. పోస్టుమార్టం లేని మరణం కేసుల్లో కారణం దగ్గరే వాదన కూలిపోతుంది. మీది ఆ పరిస్థితి కాదు.

లాయర్ని వెతికే ముందు మీరు తేల్చుకోవాల్సినవి రెండు: వైద్యానికి డబ్బు ఎవరు కట్టారు, గడువు ఎప్పటిదాకా ఉంది.

డబ్బు ఎవరు కట్టారన్న దాన్ని బట్టే ఏ తలుపు తట్టాలో తేలుతుంది. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ (ఐఎంఏ) వర్సెస్ వి.పి. శాంత తీర్పు ఇచ్చిన గీత ఇప్పటికీ అదే. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుంది. ఇన్సూరెన్సు కంపెనీ కట్టినా, యజమాని కట్టినా వస్తుంది. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే చోట రాదు. కాబట్టి అందరికీ ఉచితంగా చేసే ప్రభుత్వ ఆస్పత్రిలో జరిగినదానికి వినియోగదారుల కమిషన్ కుదరదు. సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి, దానికి ముందు ప్రభుత్వానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఈఎస్‌ఐ సంగతి అలా కాదు. జీతంలోంచి చందా కోస్తారు కాబట్టి అది ఉచిత సేవ కాదని 2007లో కిశోరీ లాల్ కేసులో తేలింది. రైల్వే, స్టీల్ ప్లాంటు లాంటి సంస్థలు తమ ఉద్యోగులకి ఆస్పత్రి నడిపితే అది ఉద్యోగ నిబంధనల్లో భాగం, కాబట్టి ఆ రోగులూ వినియోగదారులే అని వాదించడానికి ఆధారం ఉంది. విశాఖలో చాలా కుటుంబాలకి ఏదో ఒక సంస్థ ఆస్పత్రితో సంబంధం ఉంటుంది గనుక ఇది చెప్తున్నాను. మీరు కొంత చేతి డబ్బు కట్టారు, కొంత ఇన్సూరెన్సు ఇచ్చింది. అనుమానం లేదు, విశాఖ జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌కే వెళ్లండి. ఒకవేళ ఆపరేషన్ హైదరాబాదులో జరిగినా ఫిర్యాదుదారు నివాసం ఉన్న జిల్లాలో వేసే హక్కు 2019 వినియోగదారుల చట్టం ఇచ్చింది.

శాశ్వత లోక్ అదాలత్ అని ఇంకో దారి ఉంది. ఆస్పత్రి సేవలు అక్కడ ప్రజోపయోగ సేవల కింద వస్తాయి, ఫీజు ఉండదు. కానీ అక్కడ దరఖాస్తు పెట్టాక అదే వివాదాన్ని ఇంకో కోర్టుకి తీసుకెళ్లడానికి లేదు, రాజీ కుదరకపోతే వాళ్లే తీర్పు ఇవ్వగలరు, దాని మీద అప్పీలు లేదు. బిల్లు తగాదాలకి బాగుంటుంది. నాళం తెగిన కేసుకి నేను సలహా ఇవ్వను.

గడువు. వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం కేసు వేయడానికి కారణం పుట్టిన తేదీ నుంచి రెండేళ్లు. మీరు మొదటి ఆపరేషన్ తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. ‘మాకు ఎంఆర్‌సీపీలోనే తెలిసింది’ అన్న వాదన ఉంది, దాన్ని రిజర్వులో ఉంచండి, దాని మీద ఆధారపడకండి. 2011లో సుప్రీంకోర్టుకి వచ్చిన శ్రీఖండే కేసు కూడా గాల్‌బ్లాడర్ ఆపరేషనే. 1993లో ఆపరేషన్, 2002లో కడుపులోంచి గాజుగుడ్డ బయటపడింది. అయినా గడువు దాటిందనే కోర్టు చెప్పింది. తొమ్మిదేళ్లు నొప్పి పడుతూ, స్వయంగా నర్సు అయి ఉండి, ఎందుకు పరీక్ష చేయించుకోలేదని అడిగింది. లీగల్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు, ఆస్పత్రితో మాటలు నడుస్తున్నా ఆగదు. ‘ఎండీ గారు ఊళ్లో లేరు, వచ్చే నెల కూర్చుందాం’ అనే మాటలు ఆ పది నెలల్ని తినేయడానికే. లీగల్ నోటీసు తప్పనిసరి కూడా కాదు. ఇస్తే పదిహేను రోజుల గడువుతో ఒక్కటి ఇవ్వండి, అంతే.

ఇక అసలు పని. ఇలాంటి కేసు నిలిచేది, పడిపోయేది కేసు షీటు మీద, అంటే ఆస్పత్రి రాసిపెట్టిన వైద్యం రికార్డు మీద. లాయరు ఎంత పేరున్నవాడైనా కాగితాల్లో లేనిది తీసుకురాలేడు. అందుకే లాయరు ఫీజు కట్టకముందే రికార్డులు మీ చేతికి రావాలి.

అమ్మగారు సంతకం చేసిన దరఖాస్తు, మెడికల్ సూపరింటెండెంట్ పేరున, స్పీడ్ పోస్టులో పంపండి. ఇంకో ప్రతి చేత్తో ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. డాక్టర్ల ప్రవర్తనా నియమావళి 2002 ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆ నియమమే ఇన్‌పేషెంటు రికార్డుల్ని వైద్యం మొదలైన తేదీ నుంచి మూడేళ్లు దాచమంటుంది. పద్నాలుగు నెలలు గడిచాయి కాబట్టి ‘పాతవి తీసేశాం’ అనడానికి వీల్లేదు. దరఖాస్తులో ‘మొత్తం రికార్డు ఇవ్వండి’ అని రాస్తే డిశ్చార్జి సమ్మరీ జెరాక్సు చేతిలో పెట్టి పంపుతారు. పేరుపేరునా అడగండి: అడ్మిషన్ నోట్సు, ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు పరీక్ష, మత్తు చార్టు, ఆపరేషన్ నోట్సు, అంగీకార పత్రాలు, నర్సుల నోట్సు, టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస) చార్టు, మందుల చార్టు, డ్రెయిన్ పెట్టి ఉంటే రోజూ ఎంత వచ్చిందో రాసిన చార్టు, అన్ని ల్యాబు రిపోర్టులు, గాల్‌బ్లాడర్ బయాప్సీ రిపోర్టు, స్కాన్‌ల సీడీలు, వివరంగా ఉన్న బిల్లు. లాప్రోస్కోపీ కాబట్టి వీడియో రికార్డింగ్ ఉంటే అది కూడా. ‘లేదు’ అంటే లేదని రాసివ్వమనండి. ప్రతి పేజీకి నంబరు వేసి, ధ్రువీకరించి ఇవ్వాలని చివర రాయండి. తర్వాత ఒక పేజీ మారితే పట్టుబడేది ఆ నంబర్ల వల్లే.

రికార్డు తర్వాత దిద్దారేమో అన్న అనుమానం ఉన్నవాళ్లకి ఒక దారి. ఇన్సూరెన్సు క్లెయిము కోసం ఆస్పత్రి టీపీఏకి (ఇన్సూరెన్సు కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకి) పంపిన కాగితాలు ఆ రోజుల్లోనే వెళ్లిపోయి ఉంటాయి. గొడవ మొదలయ్యాక వాటిని ఎవరూ మార్చలేరు. పాలసీ మీది కాబట్టి ఆ ఫైలు కాపీ మీరు అడగొచ్చు. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, కింద జరిగితే ముందస్తు అనుమతికి పంపిన కాగితాల్ని ట్రస్టు నుంచి సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ఆస్పత్రి ఇచ్చిన కేసు షీటునీ ఈ ఫైలునీ పక్కపక్కన పెట్టి తేదీలు, టైములు, చేతిరాత చూడండి.

మీ కేసులో అన్నిటికంటే విలువైన కాగితాలు రెండు చిన్న ఓపీ చీటీలు. నొప్పి, జ్వరం అని వెళ్లిన ఆ రెండు రోజులవి. ఆస్పత్రి మొదట చేసే పని ‘డిశ్చార్జి తర్వాత రోగి మా దగ్గరికి రాలేదు’ అనడమే. చీటీలు పోయి ఉంటే అదే తేదీ మందుల షాపు బిల్లు, ఫోన్‌పే చెల్లింపు, మీ ఫోన్ నంబరు మీద ఆస్పత్రి కంప్యూటర్‌లో ఉన్న ఓపీ నమోదు, డాక్టరుకి పెట్టిన వాట్సాప్ మెసేజీలు వెతకండి. ఫోన్ మార్చకండి, చాట్ తుడిచేయకండి. స్క్రీన్‌షాట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయమని లాయరుకి చెప్పండి. కమిషన్‌లో సాక్ష్య నియమాలు అంత బిగుతుగా ఉండవు గానీ, చేయడానికి ఖర్చేం లేదు కదా.

రెండో ఆస్పత్రి కాగితాలు ముందే తీసుకోండి. వాళ్లకి దాచుకోవాల్సింది లేదు కాబట్టి సులువుగా ఇస్తారు. ఎంఆర్‌సీపీ రిపోర్టు కాదు, సీడీ కావాలి. రెండో ఆపరేషన్ నోట్సులో నాళం ఎక్కడ తెగింది, క్లిప్పులు ఎక్కడ కనిపించాయి, కడుపులో పైత్యరసం ఎంత చేరింది అని రాసి ఉంటుంది. ఆ సర్జను కమిషన్‌కి వచ్చి సాక్ష్యం చెప్తాడని ఆశపడకండి. సాధారణంగా రారు. ఆయన రాసిందే చాలు.

కాగితాలు వచ్చాక వాటిని ముందు చూడాల్సింది డాక్టరు, లాయరు తర్వాత. సర్జికల్ గ్యాస్ట్రో ఎంటరాలజిస్టు, లేదా లాప్రోస్కోపీ అనుభవం బాగా ఉన్న జనరల్ సర్జను. మీ ఫ్యామిలీ డాక్టరు ‘అన్యాయం జరిగింది’ అని చెప్పడం అభిప్రాయం కిందకి రాదు. విశాఖలో సర్జన్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే, ఎక్కువమంది ఆంధ్రా మెడికల్ కాలేజీలో ముందూ వెనకా చదివినవాళ్లు. రాతపూర్వకంగా ఇవ్వడానికి జంకుతారు. అందులో కుట్రేం లేదు, ఊళ్లో ఉండాలి కాబట్టి. హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల్లో రిటైరైన ప్రొఫెసర్లని అడగండి. ఈ కేసులు చేసే లాయరు దగ్గర అలాంటి పరిచయాలు ఉండాలి.

గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో నాళానికి దెబ్బ తగలడం తెలిసిన ప్రమాదమే. పుస్తకాల్లో ఉంటుంది, అంగీకార పత్రంలో ఉంటుంది. దెబ్బ తగిలింది కాబట్టి నిర్లక్ష్యం అన్న వాదనతో వెళ్తే ఓడిపోతారు. నిపుణుడు చూడాల్సినవి వేరే. క్లిప్పు వేసే ముందు గాల్‌బ్లాడర్‌కి వెళ్లే నాళాన్ని, రక్తనాళాన్ని విడదీసి స్పష్టంగా గుర్తించినట్టు ఆపరేషన్ నోట్సులో ఉందా? ప్రధాన నాళాన్ని గాల్‌బ్లాడర్ నాళం అనుకుని కోసేయడమే ఈ గాయాలకి ఎక్కువగా కారణం. వాపు, అతుకులు ఉండి స్పష్టత లేనప్పుడు పొట్ట తెరిచి చేయాలన్న ఆలోచన చేశారా? అన్నిటికంటే ముఖ్యం, ఆపరేషన్ తర్వాత జ్వరం, నొప్పితో రెండుసార్లు వస్తే లివర్ పరీక్ష, అల్ట్రాసౌండ్ ఎందుకు చేయలేదు? నా అంచనాలో మీ కేసు బలం ఆపరేషన్‌లో కాదు, ఆ రెండు ఓపీల్లో ఉంది. గాయం కావడాన్ని ఏ డాక్టరుకైనా జరగొచ్చు అని సమర్థించుకోగలరు. లక్షణాలు చెప్పినా పరీక్ష రాయకపోవడాన్ని సమర్థించుకోవడం కష్టం.

అభిప్రాయ లేఖలో నాలుగు ఉండాలి: ఏయే కాగితాలు చూశారు, మామూలు నైపుణ్యం ఉన్న సర్జను ఏం చేసి ఉండేవాడు, ఇక్కడ ఏం తేడా జరిగింది, ఆ తేడా వల్ల రోగికి ఏ నష్టం కలిగింది. చాలా లేఖల్లో నాలుగోది ఉండదు. తప్పు రుజువై, దానివల్లే నష్టమని రుజువు కాక కొట్టేసిన కేసులు ఉన్నాయి. అన్ని కేసులకీ నిపుణుడు తప్పనిసరి కాదు. 2010లో వి. కిషన్‌రావు కేసులో, అది హైదరాబాదు కేసే, మలేరియాకి టైఫాయిడ్ మందులు వాడారు, తప్పు పైకి కనిపిస్తూనే ఉంటే నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ నాళం గాయం అంత తేటతెల్లం కాదు. మీకు కావాలి.

డాక్టరు చూసి ‘ఇందులో తప్పేం లేదు, దురదృష్టం’ అంటే ఆ మాట కూడా వినండి. వీలైతే ఇంకొకరికి చూపించండి. ఇద్దరూ అదే అంటే ఏళ్ల తరబడి తిరగడం కంటే అక్కడితో ఆపడం నయం.

ఇప్పుడు లాయరు. బోర్డులు చూసి, ఫేస్‌బుక్ వీడియోలు చూసి వెళ్లకండి. లాయర్లు ప్రకటన ఇచ్చుకోకూడదన్న నియమం ఉంది కాబట్టి, గట్టిగా ప్రచారం చేసుకుంటున్నవాళ్ల మీద ఆ ఒక్క కారణానికే కాస్త అనుమానం పెట్టుకోవచ్చు. వినియోగదారుల కమిషన్ల తీర్పులు ఆన్‌లైన్‌లో, ఇప్పుడు ఈ-జాగృతి పోర్టల్‌లో, ఎవరైనా చూడొచ్చు. విశాఖ జిల్లా కమిషన్ ఇచ్చిన వైద్య నిర్లక్ష్యం తీర్పులు తీసి చదవండి. ప్రతి తీర్పులో ఫిర్యాదుదారు తరఫున ఎవరు, ఆస్పత్రి తరఫున ఎవరు వాదించారో పేర్లుంటాయి. గెలిచారా ఓడారా అన్నదానికంటే ఎందుకు ఓడారో చూడండి. ‘నిపుణుడి అభిప్రాయం దాఖలు చేయలేదు’, ‘కేసు షీటు దాఖలు చేయలేదు’ అని ఉంటే లాయరు పని చేయలేదన్నమాట. విచారణలు అందరికీ తెరిచే ఉంటాయి. ఒక పూట వెళ్లి వెనక కూర్చుంటే ఎవరు ఫైలు చదువుకుని వచ్చారో, ఎవరు వాయిదా అడగడానికి జూనియర్ని పంపారో ఇట్టే తెలుస్తుంది.

ఇంకోటి. ఈ విషయం బాగా తెలిసిన లాయర్లలో కొందరు ఆస్పత్రుల తరఫునే వాదిస్తుంటారు. డాక్టర్ల వృత్తి బీమా ఇచ్చే ఇన్సూరెన్సు కంపెనీల ప్యానెళ్లలో ఉంటారు. అది తప్పు కాదు, అలాంటివాళ్లకి రెండో పక్షం ఎత్తులు తెలుసు. కానీ మీ కేసులోని ఆస్పత్రికి గానీ, దానికి బీమా ఇచ్చిన కంపెనీకి గానీ ఆయన పనిచేస్తున్నాడా అని మొదటి కలయికలోనే సూటిగా అడగండి.

మంచి లాయరు మొదటి ప్రశ్న ఆపరేషన్ తేదీ. రెండోది రెండో ఆస్పత్రి కాగితాలు. అమ్మగారికి షుగరు, పాత ఆపరేషన్లు ఉన్నాయా అని అడుగుతాడు. ఆ రెండు ఓపీలకి ఆధారం ఉందా అంటాడు. మీ కేసులో బలహీనత ఏమిటో ఆయనే చెప్తాడు. చెప్పకపోతే మీరు అడగండి: ‘ఆస్పత్రి తరఫున మీరుంటే ఏం వాదిస్తారు?’ దానికి రెండు నిమిషాలైనా మాట్లాడలేనివాళ్లు ఈ పనికి కారు. ‘ఎన్ని కోట్లు అడుగుదాం’ అని మొదలుపెట్టేవాళ్లు, కమిషన్‌లో తెలిసినవాళ్లున్నారనేవాళ్లు, ప్రెస్‌మీట్ పెట్టి ఒత్తిడి తెద్దామనేవాళ్లు వద్దు. పదిమందిని తీసుకెళ్లి ఆస్పత్రి ముందు కూర్చుందామనే సలహా అస్సలు వద్దు. వైద్య సిబ్బంది, ఆస్పత్రుల మీద దాడుల నివారణకి 2008లో ప్రత్యేక చట్టం వచ్చింది. అద్దం ఒకటి పగిలినా మీరు బాధితుడి కుర్చీలోంచి నిందితుడి కుర్చీలోకి మారతారు.

లాయరు లేకుండా మీరే వాదించుకునే హక్కు కమిషన్‌లో ఉంది. హైదరాబాదు నిమ్స్ మీద కేసు వేసిన ప్రశాంత్ ధనంక సుప్రీంకోర్టులో తన వాదన తానే వినిపించుకుని 2009లో కోటి రూపాయల పరిహారం తెచ్చుకున్నాడు. ఆపరేషన్ జరిగింది 1990లో, అంటే పంతొమ్మిదేళ్లు పట్టింది అన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. ఫీజు కట్టే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఫిర్యాదుదారు మహిళ అయితే ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలు. అమ్మగారి పేరున దరఖాస్తు పెడితే చాలు. కేటాయించిన లాయరుకి వైద్య కేసుల అనుభవం ఉందా అని అక్కడే అడగండి. లేకపోతే వేరొకరిని కోరండి.

ఫీజు దశలవారీగా మాట్లాడుకోండి. కాగితాలు చదివి అభిప్రాయం చెప్పడానికి ఇంత, ఫిర్యాదు రాసి దాఖలు చేయడానికి ఇంత, సాక్ష్యం అఫిడవిట్, ప్రశ్నావళి దశకి ఇంత, చివరి వాదనలకి ఇంత. మొదటి దశ విడిగా కట్టడం మంచిది. కాగితాలు చదవకుండానే మొత్తం కేసుకి ధర చెప్పేవాడు ఏం చూసి చెప్తున్నట్టు? నిపుణుడి ఫీజు, టైపింగ్, నోటరీ, ప్రయాణాలు ఇందులో కలిసాయా లేదా రాయించుకోండి. బ్యాంకు ద్వారా కట్టండి, రసీదు తీసుకోండి. ఖాళీ కాగితాలు, ఖాళీ స్టాంపు పేపర్లు, ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టకండి. వకాలత్ అచ్చు ఫారంలో రాజీ చేసుకునే అధికారం, డబ్బు తీసుకునే అధికారం లాయరుకి ఇచ్చే వాక్యాలు ఉంటాయి. ఆ రెండూ కొట్టేయించి పక్కన సంతకం పెట్టండి. పరిహారం చెక్కు అమ్మగారి పేరునే రావాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, లాయరు సేవల మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే వీలు ఇప్పుడు లేదు. 2024 మే నెలలో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. దుష్ప్రవర్తన మీద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు ఒక్కటే తేలిక మార్గం. మార్చాలనుకుంటే మాత్రం భయపడకండి. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకునే హక్కు లాయరుకి లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేలింది. పాత లాయరు దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకుని మారొచ్చు.

ఫిర్యాదు విషయంలో లాయరుతో తేల్చుకోవాల్సినవి కొన్ని. అమ్మగారు ఫిర్యాదుదారు, డబ్బు కట్టింది మీరైతే మీరూ కలవచ్చు. ప్రతివాదులుగా ఆస్పత్రి, సర్జను, వాళ్లకి వృత్తి బీమా ఇచ్చిన కంపెనీ చాలు. మత్తు డాక్టరుని, డ్యూటీ డాక్టర్లందరినీ కలిపితే నోటీసులు అందడానికే నెలలు పోతాయి. సర్జను ‘నేను విజిటింగ్ కన్సల్టెంటుని’ అన్నా, ఆస్పత్రి ‘ఆయన మా ఉద్యోగి కాదు’ అన్నా ఆస్పత్రి బాధ్యత తప్పదని 2004లో సవితా గార్గ్ తీర్పు చెప్పింది. కమిషన్ స్థాయి మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, ఆస్పత్రికి కట్టిన మొత్తాన్ని బట్టి తేలుతుంది. 50 లక్షల వరకు జిల్లా కమిషనే. కట్టింది 5 లక్షల లోపైతే దాఖలు ఫీజు సున్నా, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400. కాబట్టి ‘కోర్టు ఫీజు’ పేరుతో వేలు అడిగితే లెక్క చూపించమనండి. పరిహారం మాత్రం బిల్లులతో కట్టండి: రెండో ఆస్పత్రి ఖర్చు, ఇకముందు కావలసిన పరీక్షలు, తోడున్న మనిషి పోగొట్టుకున్న జీతం, ప్రయాణాలు, బాధకి ఒక న్యాయమైన మొత్తం. ఆధారం లేని కోట్ల అంకె మీ నిజమైన అంకెని కూడా పలుచన చేస్తుంది.

నోటీసు అందాక ఆస్పత్రి 30 రోజుల్లో జవాబు వేయాలి, ఇంకో 15 రోజులు పొడిగించొచ్చు, అంతకు మించి కుదరదని 2020లో అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. నోటీసు ఏ తేదీన అందిందో మీ లాయరు రాసిపెట్టుకుని, 46వ రోజున లేచి నిలబడాలి. తర్వాత సాక్ష్యం అఫిడవిట్ల మీద నడుస్తుంది. బోనెక్కించి అడ్డుప్రశ్నలు వేయడం అరుదు, రాతపూర్వక ప్రశ్నావళి ఇస్తారు. ఈ కేసుల్లో లాయరు పనితనం అంతా ఆ ప్రశ్నావళిలో ఉంటుంది. ‘మీరు నిర్లక్ష్యం చేశారా?’ అంటే ‘లేదు’ అని ఒక్క మాటతో పోతుంది. ‘ఫలానా తేదీ ఓపీలో జ్వరం ఎంత నమోదైంది? ఆ రోజు బిలిరుబిన్ పరీక్ష రాశారా? రాయకపోతే కారణం ఎక్కడ రాశారు?’ అంటే తప్పించుకోవడం కష్టం. కమిషన్ వైద్యుల బోర్డుకి, మామూలుగా కేజీహెచ్ లాంటి ప్రభుత్వ ఆస్పత్రికి, పంపితే అక్కడికి వెళ్లే ప్రశ్నలు కూడా ఇలాగే తయారుచేసి కమిషన్‌కి ఇవ్వాలి. ఉత్త ఫైలు పంపిస్తే ‘తెలిసిన కాంప్లికేషన్’ అన్న ఒక వాక్యం తిరిగొస్తుంది. ఈ రెండు పత్రాల ముసాయిదా దాఖలు కాకముందే మీకూ, మీ నిపుణుడికీ చూపించాలని మొదట్లోనే మాట తీసుకోండి.

మధ్యలో రాజీ ప్రస్తావన వస్తే పెద్దమనుషుల సమక్షంలో కాదు, కమిషన్ మధ్యవర్తిత్వ కేంద్రం ద్వారా చేసుకోండి. డీడీ చేతికి రాకుండా ‘పూర్తి సంతృప్తి’ కాగితం మీద అమ్మగారి సంతకం పడకూడదు. ముందు ముందు రాబోయే చికిత్స ఖర్చు, అంటే అతికిన చోట నాళం మళ్లీ సన్నబడితే చేయాల్సిన పనులు, ఆ మొత్తంలో కలిశాయో లేదో రెండో సర్జనుని అడిగే ఒప్పుకోండి.

గెలిచినా ఆస్పత్రి విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు వెళ్తుందనే అనుకోండి. 45 రోజుల గడువు, తీర్పు మొత్తంలో సగం ముందుగా జమ చేయాలి. విశాఖ లాయర్లు చాలామంది అక్కడ తెలిసిన లాయరుకి అప్పగిస్తారు. ఆయన ఎవరు, ఫీజు ఎవరు కడతారు, ఫైలు ఆయనకి ఎవరు వివరిస్తారు అన్నది ఇప్పటి ఫీజు కాగితంలోనే రాయించుకోండి. అప్పీలు లేకుండా డబ్బు కట్టకపోతే వినియోగదారుల చట్టం 71, 72 సెక్షన్ల కింద అమలు పిటిషన్ వేయాలి. 72 కింద జైలు శిక్ష కూడా ఉంది. ఆ పిటిషన్ ఫీజు విడిగా ఉంటుందో, మొదటి ఒప్పందంలోనే కలిసిందో అదీ రాయించండి.